బోరుకు వచ్చిన ఇంజను

వసిష్ఠ గోదావరి బంగాళాఖాతమున కలియు చోట అంతర్వేది యున్నది. కోనసీమ బాటలలో నొకటి యిక్కడ సముద్రము నెదుట ముగియును. మాఘ శుద్ధ దశమి రాత్రి జరుగు లక్ష్మీనరసింహస్వామి కల్యాణమునకు, మరునాడు భీష్మ ఏకాదశి రథోత్సవమునకు జనసమూహములు ఈ దారినే వత్తురు. ఏడాది పొడుగున కొబ్బరికాయలు, చేపలు, రొయ్యలు ఈ దారినే పైయూళ్ళకు పోవును. ఆ బరువును మోయు బండ్లలో పాత డీజిలు వ్యానుది ప్రత్యేకమైన స్థానము. సందులో తిరుగగలదు, గట్టు మీద నడువగలదు, ఒక కుటుంబము తన శక్తికి లోబడి కొనగలదు. ఆ కుటుంబమునకు అది వాహనము మాత్రమే కాదు. పొలము లేనివారికి పొలము వంటిది.

అట్టి వ్యాను ఒకనాడు ఉదయము కదలనని మొరాయించును. పదిమంది తోసిన పిమ్మట కదలును. వెనుక నీలిపొగ విడుచును. వారమునకొకసారి ఆయిలు పోయవలసి వచ్చును. మేస్త్రీ కాసేపు చెవి యొగ్గి విని, "ఇంజను బోరుకొచ్చింది" అని ఒక్క మాటలో తేల్చును. ఆ మాట విన్న యజమాని ముఖమున నెత్తురు చుక్క యుండదు. ఇంజను విప్పి కట్టుటయనగా కొన్ని నెలల సంపాదన వ్యయమగుట. పని ముగియు వరకు బండి యింటి ముందు నిలిచియుండుట. ఆ వ్యయమునకు ఫలితము పదేండ్లు నిలుచునా, పది నెలలు నిలుచునా యను ప్రశ్నకు సమాధానము ఇంజను లోపల, కంటికి కనబడని కొన్ని కొలతలలో నున్నది.

ఆ కొలతలను గ్రహించుటకు ఒక ప్రసిద్ధమైన ఇంజనును ఉదాహరణముగా తీసికొనవచ్చును. జర్మనీ దేశపు మెర్సిడెస్ బెంజ్ సంస్థ 1973లో ఓఎం 616 అను నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజనును తెచ్చెను. పూనా నగరపు బజాజ్ టెంపో సంస్థ 1980ల దశకములో దానిని మన దేశపు మాటడోరు వ్యానులలో అమర్చెను. మాటడోరు తయారీ 2000 సంవత్సరము నాటికి ఆగిపోయినది. సంస్థ కూడ 2005లో ఫోర్స్ మోటార్స్ అని పేరు మార్చుకొనెను. ఐనను "మాటడోరు" అను పేరు ఆ తరహా వ్యాను కంతటికి వాడుకమాటగా జనుల నాలుకపై నిలిచిపోయెను. ఇదే జాతి ఇంజనుగల ఒక కారును గ్రీసు దేశపు థెస్సలొనికి నగరమున గ్రెగోరియోస్ సాచినిడిస్ అను టాక్సీ డ్రైవరు 46 లక్షల కిలోమీటర్లు నడిపి, 2004లో మెర్సిడెస్ మ్యూజియమునకు అప్పగించెను. అతడు ఒకే ఇంజనుతో అంత దూరము పోలేదు. మూడు ఇంజన్లను ఉంచుకొని, ఒకటి అలసినప్పుడు దానిని దింపి బాగుచేయించుచు, మరొకదానిని బిగించి మార్చి మార్చి వాడెను. దీర్ఘాయువు పుట్టుకతో వచ్చిన వరము కాదనియు, తగిన కాలమున తగిన రీతిగా చేసిన పునర్నిర్మాణ ఫలమనియు ఆ కారు చెప్పుచున్నది.

డీజిలు ఇంజనులో నిప్పు పుట్టించుటకు స్పార్కు ప్లగ్గు లేదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్ నగరమున విజయవంతముగా పరీక్షించిన ఇంజను, ఇంధనములోని శక్తిలో సుమారు 26 శాతమును పనిగా మార్చినది. నాటి ఆవిరియంత్రములు దాని దరిదాపులకు రాలేకపోయెను. ఆ విజయమునకు మూలము గాలిని అణచుట. పైన చెప్పిన ఇంజను తొలి రూపమున సిలిండరు వ్యాసము 91 మిల్లీమీటర్లు, పాఠ్యపుస్తకములు ముషలకమని చెప్పు పిస్టను నడిచెడి దూరము 92.4 మిల్లీమీటర్లు. ఒక్కొక్క సిలిండరులో పిస్టను తుడుచు చోటు 601 ఘన సెంటీమీటర్లని విద్యార్థులు లెక్క కట్టి చూడవచ్చును. అణచివేత నిష్పత్తి 21కి 1. అనగా 631 ఘన సెంటీమీటర్ల గాలి, రెండు పెద్ద చెంచాల నూనె పట్టునంత, 30 ఘన సెంటీమీటర్ల చోటులోనికి ఒదుగవలెను. వేడి బయటకు పోనిచో ఆ గాలి 700 డిగ్రీల సెల్సియస్ దాటునని సూత్రము చెప్పును. గోడలు లాగుకొను వేడిని తీసివేసినను, చిమ్మిన డీజిలు తనంత తాను మండుటకు చాలినంత మిగులును.

ఇక్కడనే రోగము ప్రవేశించును. పిస్టను రింగుల ప్రక్కనుండి గాలి జారిపోయినచో అణచివేత తగ్గును. అణచివేత తగ్గినచో వేడి తగ్గును. వేడి తగ్గినచో చల్లని ఉదయమున డీజిలు మండదు. పదిమంది తోసినగాని బండి కదలకపోవుటకు ఇదియొక ముఖ్యకారణము. మండిన వాయువులు రింగులను దాటి అడుగునకు దిగి, బ్రీదరు గొట్టము గుండ పొగగా బయటపడును. అడుగునున్న ఆయిలు రింగులను దాటి పైకెక్కి మండి నీలిపొగ యగును. పొగ రంగును బట్టి రోగమును కొంతవరకు పోల్చవచ్చును. నీలిపొగ ఆయిలు మండుటకు గుర్తు. నల్లపొగ గాలికి మించిన డీజిలుకు గుర్తు. ఇంజను వేడెక్కిన పిదపకూడ విడువని తెల్లపొగ, మండని డీజిలుకో, హెడ్డు గాస్కెటు దాటి సిలిండరులో చేరిన నీటికో గుర్తు. కావున మంచి మేస్త్రీ పానా పట్టుటకు ముందే పొగను చూచును, బ్రీదరును చూచును, ఒక్కొక్క సిలిండరు అణచివేతను గేజితో కొలిచి వ్రాసికొనును. రోగము నాజిల్‌లోనో, బ్యాటరీలోనో ఉండగా ఇంజను మొత్తము విప్పుట, తలనొప్పికి శస్త్రచికిత్స చేయుట వంటిది.

విప్పిన పిమ్మట సిలిండరు గోడపై వ్రేలు పెట్టి జరిపినచో, పైయంచుకు కొంచెము దిగువ ఒక సన్నని మెట్టు తగులును. అంతవరకు రింగు వచ్చి ఆగి వెనుకకు మరలును. అరుగుదల యంతయు ఆ మెట్టుకు దిగువనే ఎక్కువగా నుండును. అక్కడ మంట ఒత్తిడి అధికము, వేడి అధికము, ఆయిలు తక్కువ. అంతేగాక కనెక్టింగు రాడ్డు ఏటవాలుగా నెట్టుటచేత పిస్టను ఒక ప్రక్క గోడను ఎక్కువగా ఒరయును. కావున గుండ్రని బోరు పైన వెడల్పుగాను, క్రింద ఇరుకుగాను, అడ్డముగా కోడిగ్రుడ్డు వలెను మారును. పాత రింగు చాలకాలము తిరిగి ఆ వంకరకు ఒకమేర అలవాటుపడి యుండును. ఆ వంకర బోరులో కొత్త రింగులు మాత్రము వేసి మూయుట తరచుగా జరుగు పొరపాటు. గుండ్రని రింగు గుండ్రము కాని గోడను ఎట్లు మూయగలదు? కొన్ని నెలలు పొగ తగ్గినట్లు కనిపించి, తిరిగి మొదటికి వచ్చును. యజమాని సొమ్ము రెండుసార్లు పోవును.

ఎంత అరుగుదల ఎంత నష్టము తెచ్చునో సామాన్య గణితమే చెప్పగలదు. బోరు వ్యాసము ఒక మిల్లీమీటరులో పదవ వంతు పెరిగిన చోట, చుట్టుకొలత అంతకు మూడురెట్లకు పైగా, అనగా సుమారు 0.31 మిల్లీమీటరు పెరుగును. రింగు రెండు కొనల నడుమ ఉండవలసిన సందు కొత్తలోనే ఇంచుమించు అంతమాత్రము. అనగా వెంట్రుక మందమంత అరుగుదలతో సందు రెండింతలయ్యెను. ఆ సందు గుండ గాలి నిమిషమునకు వేలసార్లు జారిపోవుచుండును. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు పిస్టను సెకనుకు సగటున 9 మీటర్లకు పైగా నడుచును. గంటలో దాని నడక 33 కిలోమీటర్లు. నాలుగంగుళములకు మించని గోడపై అది ఒక్క గంటలో చేయు యాత్ర యది.

కావున బోరును లేతు షాపులో కోయించుట తప్పదు. సాధారణముగా అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్లు దొరకును. కొత్త పిస్టనును ముందుగా కొలిచి, దానికి తగినంత సందు విడిచి బోరును కోయుట ఉత్తమ పద్ధతి. బోరు కోసి పిమ్మట పిస్టనును వెదకుట తలక్రిందుల పని. బోరు కోయించినందున బలము మిక్కిలి పెరుగునను నమ్మకము కొందరికి కలదు. 91 మిల్లీమీటర్ల బోరు 91.5 అయినప్పుడు ఇంజను పరిమాణము నూటికి ఒకటి మాత్రము పెరుగునని లెక్క చూపును. పెరిగినట్లు తోచు బలము కొత్తది కాదు. పోగొట్టుకొన్నది తిరిగి వచ్చినది.

కోత పిమ్మట హోనింగు. సాన రాళ్ళతో గోడపై అడ్డదిడ్డముగా సన్నని గీతలు గీయుదురు. అద్దమువంటి నునుపు మేలని తోచవచ్చును గాని అది సరికాదు. ఆ గీతలలోనే ఆయిలు నిలుచును. ఆ గీతల గరుకుమీదనే కొత్త రింగు ఒరసికొని గోడకు అమరును. కాని గీతలతోపాటు సానపొడి కూడ గోడలో దాగియుండును. ఇంజను పునర్నిర్మాణమున మిక్కిలి చౌకయైనదియు, మిక్కిలి తరచుగా విడిచిపెట్టబడునదియు అగు పని దానిని కడుగుట. కిరసనాయిలు జిడ్డును తీయును గాని సానపొడిని పూర్తిగా వెలికి తీయలేదు. వేడినీళ్ళు, సబ్బు, గట్టి బ్రష్షు కావలెను. తెల్లని గుడ్డతో తుడిచినప్పుడు గుడ్డ తెల్లగానే యుండువరకు కడిగి, ఆరిన వెంటనే ఆయిలు పూయవలెను. అంతర్వేది వంటి చోట ఉప్పుగాలి తగిలిన ఇనుము ఒక రాత్రిలోనే తుప్పు పట్టును. సబ్బునీళ్ళ ఖర్చు కొన్ని రూపాయలు. కడుగని ఇంజనులో ఆ పొడి కొత్త రింగులను, బేరింగులను తొలి దినమునుండియే అరగదీయుచుండును.

అడుగున క్రాంకు షాఫ్టు కలదు. బేరింగు దానిని నేరుగా తాకి మోయుననుట నిజము కాదు. తిరుగునప్పుడు ఆ రెంటి నడుమ నిలిచెడి సన్నని ఆయిలు పొరయే మోయును. ఆ పొరకు చోటు మిల్లీమీటరులో నూరవవంతులు కొన్ని మాత్రమే. సందు ఎక్కువైనచో ఆయిలు ఒత్తిడి పడిపోవును; తక్కువైనచో పొర నిలువక లోహము లోహమును పట్టుకొనును. షాఫ్టు అరిగి కోలగా మారినప్పుడు దానిని సానపట్టి, అంతకు తగిన మందపు బేరింగులు వేయుదురు. షాఫ్టు లోపలి ఆయిలు దారులను తీగబ్రష్షుతో శుభ్రపరచనిచో పాత మురికి మొదటి నిమిషముననే కొత్త బేరింగుపైకి వచ్చును. పైన హెడ్డు వంగినదా లేదా యని సమతలపు పట్టీ నానించి ఫీలరు గేజితో చూడవలెను. వాల్వులను వాని పీటలకు సానపట్టి అమర్చవలెను. బోల్టులను చేతిబలముతో గాక టార్కు రెంచితో, చెప్పిన వరుసలో, విడతలుగా బిగించవలెను. నాజిళ్ళను, డీజిలు పంపును పరీక్షబల్లపై కొలిపించవలెను. నాలుగు నోళ్ళకు అన్నము సమానముగా వడ్డింపనిచో ఏ ఇంట శాంతి యుండును?

బండి బలమును ఇంకను పెంచవలెనను కోరిక ఈ దశలో పుట్టును. డీజిలు పంపు మరను కొంచెము త్రిప్పి ఇంధనము ఎక్కువ వదలుట సులభమైన ఉపాయము. కొన్నాళ్ళు బండి ఉరకలు వేయును. కాని గాలి పెరుగలేదు. డీజిలు మాత్రమే పెరిగినది. మిగులు డీజిలు నల్లపొగయగును, పిస్టను తలపై వేడి పెరుగును, బయటకు పోవు వాల్వులు కాలును. ఈ బలము ఇంజను ఆయువునుండి తీసికొన్న అప్పు. వడ్డీతో తీర్చక తప్పదు. మెర్సిడెస్ సంస్థయే 1978లో ఈ ఇంజను శక్తిని 65 అశ్వశక్తి నుండి 72కు పెంచెను. గొప్ప పరిశోధనశాలలుగల సంస్థ ఐదేండ్లకు సాధించిన పెంపు ఏడు. వీధి మూల ఒక మరను త్రిప్పి అంతకు మించినది ఉచితముగా పొందుట ఎట్లు సాధ్యము? నిజమైన చురుకుతనము వేరొక దారిన వచ్చును: సరియైన అణచివేత, సరియైన వేళకు చిమ్మెడి డీజిలు, సరియైన వాల్వు సందు, అడ్డులేని గాలి. ఇవి నాలుగును ఆయువును తగ్గింపక బలమును తిరిగి తెచ్చును. మన్నికకు, పనితీరుకు వైరమున్నదని అనుకొందురు. శ్రద్ధగల పనిలో ఆ రెండును చాలదూరము కలిసియే నడుచును.

తీరప్రాంతమున శత్రువులు మూడు: ఇసుక, ఉప్పుగాలి, ఉప్పునీరు. ఇసుకలోని స్ఫటికము పోతయినుము కంటె కఠినమైనది. గాలి వడపోత గొట్టమునకు చిన్న చీలిక యున్నచో అదే చాలును. బాట ప్రక్కన దొరకిన చవిటినీటిని రేడియేటరులో పోసినచో లోపల గార కట్టి, లోహము తినివేయబడి, ఇంజను వేడెక్కును. మంచినీరును, తుప్పు నిరోధించు కూలెంటును వాడుట ఇక్కడ విలాసము కాదు. తిరిగి కట్టిన ఇంజనును తొలి వేయి కిలోమీటర్లు అధిక భారము మోపక, అట్లని నిలిపియుంచి ఊరక తిప్పక, వేగమును మార్చుచు నడిపి, ఆయిలును త్వరగా మార్చవలెను. ఆ తొలి ఆయిలులో కొత్త రింగుల లోహపు రజను చేరియుండును.

ఈ శ్రద్ధ విలువ వ్యాను కంటె బోటులో తీవ్రముగా తెలియును. అన్నాచెల్లెళ్ళ గట్టుకు దాపున, గోదావరి నీరును సముద్రపు నీరును కలియు మొగలో ఇసుకమేటలు, విరుచుకుపడు కెరటములు గలవు. వేటనుండి తిరిగివచ్చు బోటు ఇంజను అక్కడ ఆగినచో, రోడ్డు ప్రక్కన నిలిచిన వ్యానువలె తోయుటకు పదిమంది యుండరు. వ్యానులో నిర్లక్ష్యము ధనమును హరించును; మొగలో ప్రాణమునకే ముప్పు తెచ్చును. కొలత రెండుచోట్ల ఒక్కటే.

ఈ విద్య పుస్తకము లేనివారికే చెందినదనుట గాని, పుస్తకము చదివినవారికి తగనిదనుట గాని సరికాదు. కోయంబత్తూరు సమీపమున ఒక తెలుగు కుటుంబమున 1893లో జన్మించిన జి.డి. నాయుడు, యౌవనమున ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలును చూచి ముగ్ధుడై, హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో దానిని కొని, మొదట చేసిన పని దానిని పూర్తిగా విప్పి తిరిగి కట్టుట. 1920లో ఒక్క బస్సుతో ప్రయాణికుల రవాణా ఆరంభించి, పెద్ద మోటారు సర్వీసుగా పెంచెను. 1945లో కోయంబత్తూరున సాంకేతిక విద్యాలయ స్థాపనకు కారకుడయ్యెను. 1974లో గతించువరకు చేతిపనిలేని చదువును ఆయన సంశయించుచునే యుండెను. ఆయన మార్గమునకు కావలసిన పనిముట్లు మన కళాశాలల ప్రయోగశాలలలో లేకపోలేదు. భౌతికశాస్త్ర విద్యార్థి స్క్రూగేజితో తీగ మందమును కొలిచి, నోటుబుక్కులో వ్రాసి, మార్కులు పొందును. ఆ స్క్రూగేజియే మేస్త్రీ చేతిలో షాఫ్టు ఆయువును నిర్ణయించునని అతనికి ఎవరు చెప్పుచున్నారు? ఒక పాత పిస్టనును తరగతికి తెచ్చి నాలుగు చోట్ల కొలిపించిన ఉపాధ్యాయుడు, పది పుటల పాఠమును ఒక్క గంటలో చెప్పినవాడగును.

పాతదంతయు నిలుపదగినదని కూడ అనరాదు. 2020 సెప్టెంబరులో అంతర్వేది స్వామివారి టేకు రథము అగ్నికి ఆహుతి యయ్యెను. బాగుచేయుటకు ఏమియు మిగులలేదు. కొత్త రథమునే నిర్మించి 2021 ఫిబ్రవరిలో రథసప్తమి నాడు లాగిరి. ఇంజనుకును ఇట్టి విచక్షణ కావలెను. బ్లాకు పగిలినచో, ఇదివరకే కడపటి కొలత వరకు కోసియున్నచో, చట్రము తుప్పుతిని యున్నచో, పునర్నిర్మాణము మంచి సొమ్మును చెడ్డదాని వెనుక పంపుటయే. ఎంత బాగుగ కట్టినను పాత ఇంజను, 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన భారత్ స్టేజ్ ఆరు ప్రమాణములకు తగిన శుభ్రమైన ఇంజనుగా మారదు. ఐనను చట్టము ఒప్పినంతకాలము నడువవలసిన బండి, నల్లపొగ లేక, తక్కువ ఆయిలుతో, తక్కువ డీజిలుతో నడుచుట ఊరికిని యజమానికిని మేలు.

ఇంజను మూసిన పిమ్మట లోపలి పని యెవరికిని కనబడదు. కడిగిన దారియు కడుగని దారియు బయటికి ఒక్కటే. కొలిచి బిగించిన బోల్టును, అందాజుగా బిగించిన బోల్టును చూపునకు ఒక్కటే. రంగు పూసిన ఇంజను ఆ దినమున రెండింటను మెరయును. భేదము రెండేండ్లకు, మూడేండ్లకు గాని తెలియదు. అప్పటికి మేస్త్రీ కూలి ముట్టియుండును, యజమాని అప్పు తీరియుండును, లేక తీరకయుండును. కావున యజమాని అడుగవలసినది "ఎంతకు చేసెదవు" అను ప్రశ్న యొక్కటే కాదు. "కొలతలు వ్రాసి యిచ్చెదవా" అనునది కూడ. నాలుగు బోర్ల కొలతలు, షాఫ్టు కొలతలు, రింగు సందులు ఒక కాగితముపై వ్రాసి యిచ్చుటకు వెనుదీయని మేస్త్రీ చేతిలో బండిని నిశ్చింతగా విడువవచ్చును. ఆ కాగితము వెల అర్ధరూపాయి కూడ చేయదు. వ్యానును నమ్మి బ్రతుకు కుటుంబమునకు అంతకు మించిన హామీపత్రము వేరొకటి లేదు.